కాలువ గట్టున సైకిలు విహారము

విజయవాడలోని ఆటోనగర్ పేరు వినగానే ఎవరికైనను సమ్మెట దెబ్బలు, వెల్డింగు మెరుపులు, విప్పి పెట్టిన లారీ ఇంజనులు జ్ఞప్తికి వచ్చును. ఆ పేటకును విహారమునకును చుట్టరికము కలదని చెప్పినచో వినువారు నవ్వుదురు. కాని ఆ పేటను చిరకాలముగా ఎరిగినవారికి ఒక ముచ్చట తెలియును. లారీని నిలువునా విప్పి మరల బిగింపగల మేస్త్రీ, తాను మాత్రము సైకిలు మీద పనికి వచ్చెడివాడు. హాండిలునకు అన్నపు క్యారేజి, వెనుక సీటు మీద ఒక పిల్లవాడు, జేబులో పానా. నేటికిని అట్లు వచ్చువారు కొందరు కలరు. మోటారుల పేట సైకిలు మీద నడచినదనుటలో అతిశయోక్తి లేదు.

మేము కొందరము మిత్రులము సెలవునాటి వేకువను బందరు రోడ్డు మీది ఆటోనగర్ గేటు కడ కలిసికొందుము. అక్కడ నుండి పటమట మీదుగా యనమలకుదురు వైపునకు పోయి, కరకట్ట నెక్కి, కృష్ణను చూచుచు, ఎండ ముదురక మునుపే ఇండ్లు చేరుట మా వాడుక. పందెము లేదు, తొందర లేదు, ఇన్ని గంటలకు ఫలానా ఊరు చేరవలెనన్న నియమము లేదు. ఒక నాడు ఇట్లు పోవుచుండగా మాలో చిన్నవాడు ఒక ప్రశ్న వేసెను: "ఈ గట్టు ఎవరు వేశారండీ? మన షికారు కోసం వేసి ఉండరు గదా!" అందరమును నవ్వితిమి గాని, జవాబు చెప్పుటకు వెంటనే ఎవరికిని నోరు రాలేదు. ఆ జవాబును వెదకుచు పోగా తెలిసిన సంగతులే ఈ ప్రసంగము. మన షికారు దారికి ఒక చరిత్ర కలదు. అది వినోదముతో ఆరంభమైన చరిత్ర కాదు.

చూచుటకై ప్రయాణము చేయుట మనవారికి క్రొత్త కాదు. అయితే పూర్వము చూచుటకు ఒక నెపము కావలసి ఉండెను. తీర్థయాత్ర, వర్తకము, కొలువు, చదువు, ఏదో ఒక పని మీద బయలుదేరినవారు దారిలోని వింతలను చూచెడివారు. ఏడవ శతాబ్దమున చీనాదేశపు బౌద్ధ భిక్షువు హ్యూయెన్ త్సాంగ్ ఈ కృష్ణాతీరమునకు వచ్చి, ధాన్యకటకమున నిలిచి, శాస్త్రములు చదువుకొని, ఇక్కడి కొండలకు చేరియున్న పూర్వశైల, అపరశైల విహారములను గూర్చి వ్రాసి పెట్టెను. అతడు వచ్చినది ధర్మము కొరకు. 1797లో కోలిన్ మెకంజీ దొర అమరావతి దిబ్బను చూడ వచ్చినాడు. అతనిది సర్వే కొలువు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మదరాసు నుండి బయలుదేరి, కాశి సేవించుకొని, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చిరి. ఆయన వ్రాసిన కాశీయాత్ర చరిత్రలో దేవతా దర్శనముతో పాటు దారిలోని ఊళ్ళు, బాటలు, నీటి వసతి, జనుల నడవడి అన్నియు కలవు. కాని ఆయన వెంట పెద్ద పరివారము, పల్లకీలు, బోయీలు ఉండిరి. సామాన్యునకు అట్టి వసతి ఎక్కడిది? చూడవలెనను కోరిక అందరికిని ఉండెను. అందుకు తగిన సాధనము మాత్రము కొందరి కడనే ఉండెను.

మన భాషలో ఒక చమత్కారము కలదు. బౌద్ధ భిక్షువులు నివసించు చోటును విహారము అందుము. ఊరక తిరిగి వచ్చుటను గూడ విహారమే అందుము. ఒకటి నిలుకడ, మరియొకటి కదలిక. రెండింటికిని ఒకే మాట ఎట్లు వచ్చినదో పండితులు చెప్పుదురు గాక. మనస్సు స్థిమితపడుట అను ఫలము మాత్రము రెండింటను సమానమని మాకు తోచినది.

ఇక గట్టు సంగతి. నందన సంవత్సరమున, అనగా 1832-33లో, గుంటూరు మండలమును మహాక్షామము పట్టుకొనెను. దానినే జనులు డొక్కల కరువు అనిరి. అయిదు లక్షల జనులున్న మండలమున రెండు లక్షల వరకు చనిపోయిరని అప్పటి లెక్క. బాటల ప్రక్కన శవములను తీయువారు లేకపోయిరట. నది పొరుగుననే ఉన్నది. దాని నీరు చేనికెక్కు దారి మాత్రము లేదు. వరద వచ్చిన నాడు ముంచి పోవుట, వాన లేని నాడు దూరమున ఇసుక తిన్నెల నడుమ పారుట, ఇంతే దాని సంబంధము. ఈ దుఃఖమే కృష్ణ ఆనకట్టకు బీజమైనది. ధవళేశ్వరమున గోదావరికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థరు కాటన్ ఆలోచన ననుసరించి, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణమున, ఇంద్రకీలాద్రికిని సీతానగరము కొండకును నడుమ 1852లో పని ప్రారంభమై 1855లో ముగిసెను.

ఆనకట్టకు ఎడమ వైపున ఏలూరు కాలువ, రైవసు కాలువ, బందరు కాలువ బెజవాడ నడుమ నుండియే సాగిపోయినవి. కుడి వైపున కొమ్మమూరు కాలువ తెనాలి సీమకు నీరు తీసికొనిపోయినది. కాలువ త్రవ్వగా వచ్చిన మన్నే ఇరువైపుల గట్లయినది. ఆ మన్నును గంపలకెత్తి మోసినవారిలో కరువు నాటి ఆకలిని తల్లిదండ్రుల నోట విన్నవారు ఎందరో ఉండి యుందురు. కనుక మా చిన్నవాని ప్రశ్నకు మొదటి జవాబు ఇది: ఈ గట్లు షికారు కొరకు వేసినవి కావు, కూటి కొరకు వేసినవి.

రెండవ జవాబు పడవలకు సంబంధించినది. కాలువ నీరు పంటకు మాత్రమే గాక ప్రయాణమునకు గూడ పనికిరావలెనని కాటన్ దొర పట్టుదల. ఏలూరు కాలువ గోదావరి కాలువలతో కలిసెను. కొమ్మమూరు కాలువ పెదగంజాము కడ బకింగ్‌హాం కాలువతో కలిసెను. ఈ విధముగా కాకినాడ నుండి మదరాసు వరకు ఎడతెగని నీటి దారి ఏర్పడెను. వడ్లు, ఉప్పు, కలప, పెండ్లివారు, పరీక్షలకు పోవు విద్యార్థులు, అందరును పడవలోనే. గాలి కలిసివచ్చినచో తెరచాప. లేనిచో పడవవాండ్రు గట్టు మీదికి దిగి, మోకును భుజమునకు తగిలించుకొని, వంగి లాగుచు నడిచెడివారు. పల్లము మారు చోట లాకులు కట్టిరి. పడవ లోపలికి రాగానే వెనుక తలుపులు మూసి, నీటిని నింపియో వదలియో ముందరి మట్టమునకు సరిచేసి, ముందరి తలుపులు తెరచెడివారు. అంతసేపును ప్రయాణికులు గట్టు దిగి కాళ్ళు సాగదీసికొనుచు, మరమరాలు కొనుక్కొనుచు, ఊరి కబురులు చెప్పుకొనెడివారు. డెల్టాలో లాకుల కడ చిన్న బజారులు, చెట్లనీడ, కాఫీ కొట్లు ఏర్పడుటకు ఇది ఒక కారణము.

1893లో కృష్ణ మీద రైలు వంతెన తెరచిరి. మదరాసునకు పోవువారు క్రమముగా రైలెక్కిరి. తరువాత బస్సు వచ్చెను. పడవ వెనుకబడెను. అయినను, మోకు లాగినవాని పాదములచే గట్టిపడిన సన్నని బాట గట్టు మీద మిగిలెను. బండికి రెండు చాళ్ళు కావలెను. సైకిలునకు ఒక్క చాలు చాలును. ఆ గట్టు బాట సైకిలు కొరకే కాచుకొని యున్నట్లుండెను.

ఆ సైకిలు ఎక్కడ నుండి వచ్చినది? 1817లో జర్మనీ దేశమున కార్ల్ ద్రైస్ అను నతడు రెండు చక్రముల కొయ్య వాహనమును చేసెను. దానికి పెడళ్ళు లేవు. కూర్చుండి, కాళ్ళతో నేలను తన్నుకొనుచు పోవలెను. 1860ల దశాబ్దమున పారిసు నగరమున ముందు చక్రమునకు పెడళ్ళు అమర్చిరి. అటు పిమ్మట వేగము కొరకు ముందు చక్రమును మనిషి ఛాతీ ఎత్తు వరకు పెంచిరి. అది ఎక్కుట కష్టము, పడుట సులభము. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీ నగరమున జాన్ కెంప్ స్టార్లీ తయారు చేసిన రోవర్ సైకిలు ఈ బాధను తీర్చెను. రెండు చక్రములు ఇంచుమించు సమానముగా నుండుట, చైను వెనుక చక్రమును త్రిప్పుట, కాళ్ళు నేలకు అందుట దాని గుణములు. నేటి మన సైకిలు రూపము అదియే. 1888లో బెల్‌ఫాస్టులోని పశువైద్యుడు డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి నింపిన రబ్బరు గొట్టమును తొడిగెను. దానితో ఎముకలు కదలు కుదుపు పోయి, సైకిలు మీద సుఖము అను మాట పుట్టినది.

సైకిలు మీద దేశము చూచు సరదా అంతకు ముందే ఆరంభమైనది. 1878లోనే ఇంగ్లండున సైకిలు యాత్రికుల సంఘము వెలసెను. 1890ల నాటికి అక్కడి మిల్లు గుమాస్తాలు, బడి పంతులమ్మలు ఆదివారము పట్టణపు పొగను విడిచి పల్లెలు చూడ పోవుచుండిరి. గుఱ్ఱము గాని బగ్గీ గాని లేనివానికి లోకము చూచు వీలు సైకిలు వలన కలిగినది. శాస్త్రజ్ఞులు లెక్క కట్టి చెప్పిన విషయము ఒకటి గమనింపదగినది: ఒక మైలు నడచుటకు మన దేహము వెచ్చించు శక్తిలో సుమారు అయిదవ వంతుతో సైకిలు మీద ఆ మైలు పోవచ్చును. ఒక పూట భోజనముతో అయిదింతలు దూరము! పేదవాని పల్లకి అనదగిన వాహనము ఇదియే.

మన దేశమునకు సైకిలు పంతొమ్మిదవ శతాబ్దపు చివర దొరల వెంట వచ్చినది. రాలీ, హంబరు, బి.ఎస్.ఏ., హెర్క్యులిస్ అను సీమ సైకిళ్ళను మొదట ఉద్యోగులు, ప్లీడర్లు, డాక్టర్లు కొనిరి. పెండ్లి కట్నములలో సైకిలు చేరెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట మన దేశముననే కర్మాగారములు లేచెను. 1949లో మదరాసు పొరుగున అంబత్తూరున టి.ఐ. సైకిళ్ళ కంపెనీ, 1951లో సోనేపట్టున అట్లాసు, 1956లో లూధియానాలో హీరో సైకిళ్ళు ఏర్పడినవి. దానితో సైకిలు దొర వాహనము కాక ఇంటి వాహనమైనది.

ఆ రోజులలో సైకిలునకు గూడ పన్ను ఉండెను. మునిసిపాలిటీవారికి రుసుము కట్టి, వారిచ్చిన బిళ్ళను సైకిలునకు తగిలింపవలెను. రాత్రి దీపము లేకుండ పోరాదు, ఇద్దరెక్కరాదు. కిరసనాయిలు దీపము గాలికి నిలిచెడిది కాదు. వీధి మలుపున పోలీసు జవాను చేయి అడ్డము పెట్టగానే చెప్పవలసిన మాట అందరికిని కంఠస్థము: "ఇప్పుడే ఆరిందండీ, చెయ్యి పెట్టి చూడండి, ఇంకా వేడిగానే ఉంది!" నమ్మి విడిచిన జవానులు కొందరు, నిజముగా చేయి పెట్టి చూచిన జవానులు కొందరు. సొంత సైకిలు లేనివారికి వీధి చివర అద్దె కొట్టు ఉండెడిది. మడ్గార్డు మీద కొట్టు పేరు, అంకె వ్రాసిన ఆ సైకిళ్ళను గంటల లెక్కన ఇచ్చెడివారు. పిల్లలు అర గంటకు తెచ్చుకొని, సీటు అందక కమ్మీ క్రింద కాలు దూర్చి తొక్కుచు నేర్చుకొనెడివారు. మోకాలికి మచ్చ లేకుండ సైకిలు నేర్చినవారు ఆ తరమున అరుదు.

సైకిలు మీద ఎంత దూరము పోవచ్చునో లోకమునకు చూపినవారిలో మన దేశీయులు గూడ కలరు. 1923 అక్టోబరు 15న బొంబాయి నుండి ఆరుగురు పారసీ యువకులు భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరా అను మువ్వురు ఇరాను, ఇరాకు, ఐరోపా, అమెరికా, జపాను, చీనా, బర్మా దేశములను దాటి 1928 మార్చి 18న తిరిగి బొంబాయి చేరిరి. నాలుగున్నర ఏండ్లు పట్టినది. ఎడారిలో నీరు లేక, దారి లేక వారు పడిన పాట్లను తరువాత గ్రంథముగా ప్రకటించిరి.

మన తెలుగునాట సైకిలునకు గౌరవము తెచ్చినవారిని తలచుకొన్నచో పుచ్చలపల్లి సుందరయ్యగారిని విడువరాదు. 1952లో రాజ్యసభకు ఎన్నికైన పిమ్మట ఢిల్లీలో పార్లమెంటునకును, 1955లోను 1962లోను మన కృష్ణా మండలములోని గన్నవరము నుండి శాసనసభకు ఎన్నికైన పిమ్మట హైదరాబాదులో సభకును ఆయన సైకిలు మీద పోవుట ప్రసిద్ధము. ఆయన రాజకీయములతో ఏకీభవించువారును, ఏకీభవింపనివారును ఆ సైకిలును మాత్రము ఒకే గౌరవముతో చెప్పుకొందురు. అది షికారు కాదు. అయినను, సైకిలు మీద పోవుట చిన్నతనము కాదని ఒక తరమునకు నేర్పినది.

1952లో వరదకు పాత ఆనకట్ట తెగెను. దాని చేరువను క్రొత్త బ్యారేజి 1954లో ప్రారంభమై 1957లో పూర్తియై, ఆంధ్రకేసరి ప్రకాశం పంతులుగారి పేర వెలసెను. డెబ్బది తలుపులు, నాలుగు వేల అడుగులకు పైబడిన పొడవు, పైన రహదారి. పడవ కొరకు కాచుకొనవలసిన పని లేకుండ సైకిలువాడు కృష్ణను దాటగలిగెను. బెజవాడ కుఱ్ఱవానికి అవతలి ఒడ్డు అందినది. ఉండవల్లి గుహలు, మంగళగిరి కొండ, ఓపిక గలవారికి అమరావతి, అన్నియు ఒక దినపు షికారులైనవి.

ఆ దారిని మేము ఎన్ని పర్యాయములు పోయితిమో లెక్క లేదు. సూర్యోదయ వేళకు బ్యారేజి మీద నిలిచినచో ఒక వైపు నిండు చెరువు వంటి జలము, మరియొక వైపు ఇసుక తిన్నెలు, పాయలు. వెనుక ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి. తలుపుల అంచున నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకొనుచుండును. సీతానగరము దాటి కొంత దూరము తొక్కగానే ఉండవల్లి కొండ. ఒకే కొండను తొలిచి నాలుగు అంతస్తులుగా మలచిన ఆ గుహాలయమును ఎన్ని మారులు చూచినను తనివి తీరదు. క్రింది భాగములందు భిక్షువుల విహారముల పోలిక. పైన ఒకే రాతిలో చెక్కిన అనంతశయనమూర్తి, నిలువెత్తు మనుష్యులు మువ్వురు వరుసగా పండుకొన్నంత పొడవు. బయటి వసారాలో కూర్చుండి ఎదుటి పచ్చని పొలములను చూచుచు, తెచ్చుకొన్న పులిహోర తినుట మా ఆచారము.

ఒక పర్యాయము తిరుగు దారిలో కరకట్ట మీద తుమ్మముల్లు గ్రుచ్చుకొని మా సైకిలు ఒకటి పంక్చరయ్యెను. నడిపించుకొని పోగా చెట్టు క్రింద ఒక పెద్దాయన నీళ్ళ బేసిను, పంపు పెట్టుకొని కనబడెను. ఆయన ట్యూబు ఊడదీసి, గాలి కొట్టి, నీటిలో ముంచి బుడగ వచ్చు చోటును వేలితో పట్టుకొని అడిగెను: "ఎందాకా వెళ్ళారు బాబూ?" "ఊరికేనండీ, ఉండవల్లి దాకా తిరిగొద్దామని" అంటిమి. ఆయన తలయెత్తి మమ్ము వింతగా చూచెను. "ఊరికే తిరగటానికి ఇంత దూరమా! నేనూ ఇరవై ఏళ్ళు ఈ గట్టు మీదే బెజవాడకు కూరగాయల గంప తొక్కుకుంటూ వెళ్ళాను బాబూ. తలెత్తి కృష్ణను చూసిందెప్పుడు? బజారు వేళ దాటకుండా చేరితే చాలనుకునేవాణ్ణి." పిమ్మట అతుకు మీద రబ్బరు రుద్దుచు, తనలో తాను అనుకొన్నట్లు, "చూడాల్సిందే" అనెను.

ఆ మాట మమ్ము చాల దినములు విడువలేదు. గట్టును మోసినవాడు, పడవను లాగినవాడు, గంపను తొక్కినవాడు, ఈ మువ్వురును ఆ దారిని చేసినవారే. చూచు తీరిక మాత్రము వారికి దక్కలేదు. వారు చేసిన దారి మీద మనము తీరికగా తిరుగుచున్నాము. అందువలన ఈ తీరిక మన సొత్తని గర్వపడరాదు. అది మనకు అప్పుగా వచ్చినది.

అప్పును మనము ఎట్లు తీర్చుచున్నాము? ఆ లెక్క అంత సంతోషకరముగా లేదు. మదరాసు నుండి కలకత్తాకు పోవు దారియు, హైదరాబాదు నుండి బందరునకు పోవు దారియు కలియు కూడలి యగుటచే విజయవాడ లారీల పట్టణమైనది. ఊరి నడుమ ఇరుకు వీధులలో జరుగు మరమ్మతులకు విడిగా ఒక చోటు కావలసి 1960ల దశాబ్దమున ఆటోనగర్ ఏర్పడెను. వేల కుటుంబములకు అది అన్నము పెట్టినది. అందుకు ఆ పేటకు నమస్కరింపవలసినదే. కాని మోటారు పెరిగిన కొలది సైకిలువాడు రోడ్డు నడుమ నుండి అంచునకు, అంచు నుండి మురుగు కాలువ ఒడ్డునకు జరిగెను. కాలువలలో పడవలు ఆగిపోయినవి. గట్ల మీద కొంత దూరము ఇండ్లు, కొంత దూరము చెత్త కుప్పలు. 2015లో అమరావతి రాజధానికి శంకుస్థాపన జరిగిన పిమ్మట అవతలి కరకట్ట మీద కార్ల రాకపోకలు హెచ్చినవి. మా మిత్రులలో ఒకరిని ఒక నాడు వెనుక నుండి వచ్చిన వాహనము అదరగొట్టి గట్టు వాలునకు దింపినది. అదృష్టవశమున దెబ్బ చిన్నది. కాని ఆ పిమ్మట ఆయన ఇంటివారు ఆయనను మాతో రానిచ్చుట లేదు. ఒక షికారు ఇట్లు ముగియును. ఎవరును దానిని లెక్క వ్రాయరు.

గట్టు విహారమునకు మాత్రమే కాదని కృష్ణ అప్పుడప్పుడు స్వయముగా జ్ఞప్తి చేయుచుండును. 2024 సెప్టెంబరు మొదట బ్యారేజి కడ 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చెను. కొట్టుకొని వచ్చిన పడవలు తలుపుల బరువు దిమ్మెలను తాకినవి. అదే సమయమున బుడమేరు పొంగి పట్టణములో అనేక పేటలను ముంచెను. అప్పుడు కరకట్ట మీద నిలుచుండి నీటి మట్టమును చూచినవారికి, అది ఎంత విలువ గల మట్టి గోడయో ఎవరును చెప్పవలసిన పని లేకపోయెను. గట్టు మీద నిత్యము తిరుగువానికి ఎక్కడ కుంగినది, ఎక్కడ ఎలుకలు తొలిచినవి, ఎక్కడ ఆక్రమించిరి, అన్నియు కంటబడును. కారులో పోవువానికి కనబడవు. కనుక షికారు తీరికవారి విలాసమే కాదు, ఊరికి ఒక కాపలా గూడ.

మేము కోరునది పెద్ద కోరిక కాదు. మోటారును మానుమని మేము చెప్పము. ఆటోనగర్ గేటు కడ నిలిచి ఆ మాట చెప్పుటకు మాకు నోరు రాదు. మోకు లాగినవాని బాట వెడల్పునకు సరిపడు చోటు, ఒక్క చాలు మాత్రము, గట్ల మీదను రోడ్ల అంచునను మెల్లగా పోవువానికి మిగుల్చవలెను. గట్టు చెట్లను నరకకుండ, చెత్తను కాలువలో వేయకుండ ఉండవలెను. ఇది ప్రభుత్వము చేయవలసిన పని కొంత, మన ఇండ్లలో ఆరంభము కావలసిన పని కొంత.

బెజవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైన నాటి నుండి లోకపు వార్తలు మన ఇంటికి వచ్చి చేరుచున్నవి. అది గొప్ప వసతి. కాని ఊరి చివరి కాలువను మాత్రము రేడియో ఇంటికి తేలేదు. మనమే పోయి చూడవలెను. ఇంటి మూలనున్న సైకిలునకు గాలి కొట్టించి, చైనుకు నూనె వేసి, ఒక ఆదివారము వేకువను పిల్లలను వెంటబెట్టుకొని గట్టెక్కుడు. లాకుల కడ దిగి, ఆ పాత తలుపులు ఏల పెట్టిరో వారికి చెప్పుడు. డొక్కల కరువు సంగతి గూడ దాచక చెప్పుడు. దారిలో కూరల గంప తొక్కుకొనుచు ఎదురు వచ్చు వానికి ముందు దారి ఇండు. అతడు పని మీద పోవుచున్నాడు, మనము ఊరక పోవుచున్నాము. అతనికిని ఒక పూట తీరిక దొరికి, తలయెత్తి కృష్ణను చూచు దినము రావలెను. చెట్టు క్రింది పెద్దాయన అన్నమాటయే మాకు ఈ చరిత్ర యంతటి సారముగా తోచుచున్నది: చూడవలసినదే.